మోకాలిలో టెరిలీన్ తాడు

ప్రకాశం జిల్లా నుంచి ఒక తండ్రి ఉత్తరం రాశారు. వూరూ పేర్లూ తీసేసి సారాంశం చెబుతాను. అమ్మాయికి పందొమ్మిదేళ్ళు, డిగ్రీ రెండో సంవత్సరం. కబడ్డీ బాగా ఆడుతుంది. ఒకరోజు ఆటలో కాలు నేలకు ఆనించి ఒక్కసారిగా పక్కకు తిరగబోతే మోకాలిలో 'టప్' మని చప్పుడైందట. సాయంత్రానికల్లా మోకాలు కొబ్బరికాయంత అయింది. స్కానింగులో ఎ.సి.ఎల్. పూర్తిగా తెగిందని తేలింది. ఒక డాక్టరుగారు "ఒంట్లోని నరమే తీసి వేస్తే తొమ్మిది నెలలు ఆగాలి, కృత్రిమ లిగమెంట్ వేస్తే మూణ్ణెల్లలో ఆడొచ్చు" అన్నారట. నాలుగు నెలల్లో సెలక్షన్లు. స్పోర్ట్సు కోటాలో ఉద్యోగం వస్తుందని ఇంటిల్లిపాదీ ఆశ పెట్టుకున్నారు. "మూణ్ణెల్లదే చేయిద్దామని వుంది. అందులో చెడుగు ఏమైనా వుందా?" అని అడిగారు.

ఆయనకు జవాబు వెంటనే రాసి పంపాను. మిగతా పాఠకులకు కూడా పనికొస్తుందని ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. పైగా ఈ కృత్రిమ లిగమెంట్ల కథలో కొంత భాగం నా కళ్ళ ముందే, అదీ మా ఇంట్లోనే జరిగింది.

ముందొక మాట. మనవాళ్ళు ఒంట్లో తాడులా కనిపించే ప్రతిదాన్నీ 'నరం' అనేస్తారు. ఆ అమ్మాయికి తెగింది నరం కాదు. నరం కబురు మోసే తీగ. కండను ఎముకకు కట్టేది స్నాయువు, అంటే టెండన్. ఎముకను ఎముకకు కట్టి వుంచేది లిగమెంట్. మోకాలి నడిమధ్య ఇలాంటి లిగమెంట్లు రెండు, ఇంటూ గుర్తులాగా ఒకదానికొకటి అడ్డంగా వుంటాయి. వాటిలో ముందుదే ఎ.సి.ఎల్. పొడవు మూడు సెంటీమీటర్ల పైచిలుకు, మందం మీ చిటికెన వేలంత. కింది ఎముక ముందుకు జారకుండా, మలుపు తిరిగేటప్పుడు మోకాలు మెలిపడకుండా పట్టుకునేది అదే. పడుచు వయసులో దాదాపు 220 కిలోల లాగుడుకు గాని తెగదు. తెగిందా, చాలామందిలో మళ్ళీ అతుక్కోదు. తిన్నగా నడిస్తే బాగానే వుంటుంది, మెట్లు దిగుతూ పక్కకు తిరిగితే కాలు 'జారిపోయినట్టు' అవుతుంది.

దీన్ని బాగుచెయ్యాలన్న తాపత్రయం కొత్తది కాదు. 1895లోనే ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో మేయో రాబ్సన్ అనే సర్జను ఒక గని కార్మికుడి మోకాలిలో తెగిన లిగమెంట్లను కుట్టాడు. 1903లో మ్యూనిక్‌లో లాంగె అనే ఆయన పట్టుదారం వాడాడు. 1917లో బ్రిస్టల్‌లో హే గ్రోవ్స్ రోగి తొడ మీది దళసరి పొరనే పట్టీగా తీసి మోకాలిలో వేశాడు. ఒంట్లో దొరికేది వాడాలా, బయటి దారం వాడాలా అన్న తగవు అప్పటినుంచీ నడుస్తూనే వుంది.

1970ల చివర, 1980ల్లో బయటి దారానికి మంచి రోజులు వచ్చాయి. దానికి కారణం లేకపోలేదు. ఆ రోజుల్లో సొంత స్నాయువు తీసి వేసే ఆపరేషనంటే మోకాలి మీద జానెడు కోత, ఆ తరువాత వారాల తరబడి పిండికట్టు. కట్టు విప్పేసరికి తొడకండ కరిగిపోయి, మోకాలు బిగుసుకుపోయేది. అలాంటప్పుడు గట్టి తాడు ఒకటి బిగించి, కట్టు లేకుండా వారంలో నడిపిస్తామంటే ఎవరికి చేదు? కార్డిఫ్‌లో జెంకిన్స్ అనే ఆయన బొగ్గు నారను, అదే కార్బన్ ఫైబరును ప్రయత్నించాడు. 1980లో డేవిడ్ డాండీ కీలులోకి గొట్టం పంపి చూస్తూ చేసిన తొలి ఎ.సి.ఎల్. ఆపరేషన్‌లో వాడిందీ కార్బన్ తాడే. అమెరికాలో గోర్‌టెక్స్ వచ్చింది. అంటుకోని పెనాల మీద పూత వుంటుంది చూడండి, ఆ జాతి పదార్థమే. కెనడాలో పాలీప్రొపిలీన్ పట్టీ, ఇంకోచోట డేక్రాన్. లీడ్స్ విశ్వవిద్యాలయమూ జపాన్‌లోని కీయో విశ్వవిద్యాలయమూ కలిసి 1982లో పాలియెస్టర్ నేతపట్టీ ఒకటి తెచ్చాయి. పాలియెస్టర్ అంటే వేరే ఏమీ కాదు, మన పెద్దలు మోజుపడి కుట్టించుకున్న టెరిలీన్ చొక్కా గుడ్డ!

బలానికి వీటికి సాటి లేదు. ప్రయోగశాలలో లాగి చూస్తే గోర్‌టెక్స్ తాడు మన ఎ.సి.ఎల్. కంటే రెట్టింపుకు పైగా బరువు ఓర్చింది. అందరూ మోసపోయింది అక్కడే.

నేను 1984లో ఇంగ్లండు వెళ్ళాను. ఎముకల విభాగంలో రిజిస్ట్రారు ఉద్యోగం. మా అక్కయ్యా బావగారూ అక్కడికి నాకంటే ముందే చేరారు. బావగారు ఒక బట్టల మిల్లులో మెయింటెనెన్స్ ఇంజనీరు. ఆదివారాలు మన తెలుగువాళ్ళంతా కలిసి వాలీబాల్ ఆడేవారు. 1985లో ఒకరోజు నెట్ దగ్గర ఎగిరి దిగుతూ ఆయన ఎ.సి.ఎల్. తెంపుకున్నారు. మరుసటేడు ఒక సర్జను పాలియెస్టర్ పట్టీ వేశారు. బంధువుని కనుక నేను చెయ్యి వెయ్యలేదు, థియేటర్లో ఒక మూల నిలబడి చూశాను. ముందురోజు ఆ పట్టీ నమూనా చూపిస్తే బావగారు వేళ్ళ మధ్య నలిపి, "ఏమోయ్ డాక్టరూ, ఇది మా మిల్లులో రోజూ చూసే సరుకే కదా! చొక్కా కుట్టించుకోవలసింది కాలికి కుట్టించుకుంటున్నానన్నమాట" అని నవ్వారు.

మూణ్ణెల్లలో ఆయన మళ్ళీ వాలీబాల్ ఆడారు. అక్కడున్న మిత్రులంతా ఆశ్చర్యపోయారు. మొదటి సంవత్సరం, రెండో సంవత్సరం, అయిదో సంవత్సరం కూడా హాయిగా గడిచింది. మీరు 1990లో ఆయన్ని అడిగివుంటే, ఇంతకంటే మంచి ఆపరేషన్ లోకంలో లేదనేవారు. ఆ మాట అబద్ధమూ కాదు.

1993లో మోకాలు వాచింది. దెబ్బ ఏమీ లేదు. నీరు తీయిస్తే తగ్గింది, నెలలో మళ్ళీ వచ్చింది. ఆ తరువాత మెట్ల మీద కాలు జారడం మొదలు. 1995లో అదే కాలు మళ్ళీ తెరిచారు. పట్టీ పూర్తిగా తెగిపోయింది. కింది ఎముకలో దాన్ని దూర్చిన సొరంగం నోటి దగ్గర పోగులు విడిపోయి చీపురు కుచ్చులా వున్నాయి. కీలు లోపలి పొర, దాన్నే సైనోవియం అంటారు, ఎర్రగా దళసరిగా మఖమల్ గుడ్డలా వుబ్బివుంది. సూక్ష్మదర్శిని కింద ఆ పొరలో కంటికి కనిపించని పాలియెస్టర్ నలుసులు, వాటిని మింగి అరిగించుకోలేక తంటాలు పడుతున్న కణాలు. ఆ కణాలు వదిలే రసాయనాల వల్లే వాపు, నీరు. ఎముక అంచులు కరిగి సొరంగం వెడల్పవడం కూడా వాటివల్లే.

తీసిన ముక్కల్ని సీసాలో వేసి ఇస్తే బావగారు చాలాసేపు చూశారు. "ఇది లాగుడుకు తెగలేదోయ్, ఒరుపుకు తెగింది. మగ్గం మీద పడుగు పోగు కూడా ఒరుసుకునే చోటనే తెగుతుంది" అన్నారు. ఆ విషయం మీద ఎన్నో పెద్ద వ్యాసాలు చదివాను గాని, ఇంత సూటిగా చెప్పినవారు లేరు.

బావిలో నీళ్ళు తోడిన వారికి ఇది చెప్పనక్కర్లేదు. చేంతాడు కొత్తది కొన్ననాడు రెండు బిందెల్ని కూడా లాగుతుంది. అది తెగేది బిందె బరువుకు కాదు, ఒర రాతి అంచున రోజూ రుద్దుకోవడం వల్ల. ఇక మోకాలి సంగతి చూడండి. ఆటా పాటా లేని మనిషి రోజుకు అయిదు వేల అడుగులు వేస్తాడనుకుందాం. ఒక్కో కాలికి రెండున్నర వేలు. ఏడాదికి తొమ్మిది లక్షల పైచిలుకు, పదేళ్ళకు తొంభై లక్షలు దాటుతుంది. ప్రతి అడుగుకూ ఆ తాడు ఎముక అంచు మీద వంగి లేవాలి. తెగిన పోగును అతికేవాడు లోపల ఎవరూ లేరు.

సొంత స్నాయువు సంగతి సరిగ్గా దీనికి తిరగేసి వుంటుంది. మొదట్లో అది బీద సరుకే. ఒకచోట నుంచి కోసి తెచ్చి పెట్టిన ముక్కకు రక్తప్రసారం వుండదు. అందులోని కణాలు చాలావరకు చచ్చిపోతాయి. ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య అది పెట్టిననాటి కంటే బలహీనంగా వుంటుంది. రోగికి మాత్రం సరిగ్గా ఆ రోజుల్లోనే నొప్పి పోయి, పరుగెత్తాలనిపిస్తుంది! తరువాత మెల్లగా రక్తనాళాలు పాకుతాయి, కొత్త కణాలు చేరతాయి, పాత నార పోయి కొత్త నార పడుతుంది. ఏడాది, ఏడాదిన్నరకు అది లిగమెంట్ లక్షణాలు తెచ్చుకుంటుంది. అచ్చంగా పాత ఎ.సి.ఎల్. ఎన్నటికీ కాదు. కాని ప్రాణమున్నది కనుక అరిగినచోట కొంతైనా పూడ్చుకోగలదు. కృత్రిమ తాడుకు మొదటి రోజే గొప్ప రోజు, అక్కడినుంచి తరుగుదలే.

బావగారి మోకాలు ఒక్కదాన్ని పట్టుకుని తీర్పు చెబుతున్నాననుకోకండి. పదేళ్ళు, పైన ఓపికగా గమనించిన వారి లెక్కలున్నాయి. డేక్రాన్ తాడు వేసిన 55 మందిని స్వీడన్ వైద్యులు తొమ్మిదేళ్ళ దాకా చూసి 1997లో ఫలితాలు ప్రకటించారు. నూటికి 44 తాళ్ళు తెగిపోయాయి. నూటికి 83 మంది మోకాళ్ళలో ఎక్స్-రేలో అరుగుదల కనిపించింది. లీడ్స్-కీయో పట్టీ వేసిన 18 మందిని ఎడింబరోలో పది నుంచి పదహారేళ్ళ తరువాత పరీక్షించి 2004లో రాశారు. నూటికి 28 మందిలో పట్టీ తెగింది. సగం మందికి పైగా రెండో కాలి కంటే వదులుగా వున్నాయి. అరుగుదల లేని మోకాలు ఒక్కటీ లేదు. అదే మనుషుల రెండో కాలిలో అరుగుదల నూటికి 39 మందిలోనే. కార్బన్ తాడైతే పొడి పొడి అయి కీలు లోపలంతా మసి పూసినట్టు నల్లబరిచింది. గోర్‌టెక్స్‌కు 1986లో అమెరికా ఎఫ్.డి.ఏ. అనుమతి దొరికింది, అదీ ముందు ఆపరేషన్ విఫలమైనవారికి. 1993లో బజారు నుంచి వెళ్ళిపోయింది.

న్యాయంగా ఒకటి చెప్పాలి. ఎ.సి.ఎల్. తెగిన మోకాళ్ళలో, ఏ ఆపరేషన్ చేసినా చెయ్యకపోయినా, పది ఇరవై యేళ్ళకు దాదాపు సగం అరుగుతాయి. దెబ్బ తగిలిననాడే మెత్తలాంటి మెనిస్కస్, ఎముక మీది నున్నటి పూత కూడా నలుగుతాయి కనుక. బావగారికి 1995లో తొడ వెనక స్నాయువుతో మళ్ళీ లిగమెంట్ వేశారు, అది నిలిచింది. అయినా 2016లో మోకాలి మార్పిడి తప్పలేదు. అందులో పాలియెస్టర్ వాటా ఎంతో, వాలీబాల్ వాటా ఎంతో విడదీయడం ఎవరి తరమూ కాదు.

మరి ఇప్పుడు మళ్ళీ ఈ తాళ్ళ మాట ఎందుకొచ్చింది? ఫ్రాన్సు నుంచి వచ్చిన లార్స్ అనే కొత్త తరం లిగమెంట్ వల్ల. ఇదీ పాలియెస్టరే, నేత వేరు. కీలు లోపలి భాగంలో పోగుల్ని అడ్డంగా నెయ్యకుండా నిలువుగా వదిలేస్తారు, వాటి సందుల్లోకి ఒంటి కణజాలం ఎదగాలని. పాతవాటి కంటే మెరుగే. 2008 ప్రాంతంలో ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ ఆటగాళ్ళు కొందరు ఇది వేయించుకుని మూణ్ణెల్లకే మైదానంలో దిగితే పత్రికలు మోతెక్కించాయి. ఆ 'మూణ్ణెల్లు' అన్న మాట అక్కడినుంచి నడిచొచ్చిందే అయివుంటుంది. మొదటి రెండు మూడేళ్ళ ఫలితాలు బాగున్నాయని రాసినవారు చాలామంది. పదేళ్ళు దాటేదాకా ఆగి చూసిన వియన్నా వైద్యులు మాత్రం మొదటిసారి చేసే ఆపరేషన్‌కు దీన్ని ఎంచుకోవద్దనీ, ప్రత్యేక సందర్భాలకే వుంచుకోమనీ 2015లో రాశారు. నాకూ అదే సబబనిపిస్తుంది. ప్రమాదంలో మోకాలి చుట్టూ లిగమెంట్లు మూడో నాలుగో ఒకేసారి తెగి, తీసుకోవడానికి సొంత స్నాయువులు చాలనప్పుడు అది అక్కరకొస్తుంది.

ఇప్పుడు ఆ అమ్మాయి తండ్రిగారికి రాసింది చెబుతాను.

అయ్యా, కృత్రిమ లిగమెంట్ ఎందుకు పుట్టిందో గుర్తు చేసుకోండి. పెద్ద కోత, పిండికట్టు తప్పించడానికి. ఆ రెండూ ఇప్పుడు సొంత స్నాయువు ఆపరేషన్‌లోనూ లేవు. చిన్న రంధ్రాల్లోంచి చేస్తున్నారు, మర్నాడే నిలబెడుతున్నారు. కాబట్టి దానితో వచ్చే లాభం ఒక్కటే, ఆ ఆరు నెలలు. మీ అమ్మాయికి పందొమ్మిది. ఆ మోకాలు ఇంకో యాభై అరవై యేళ్ళు పనిచెయ్యాలి. కబడ్డీలో తాడు మీద పడే ఒరిపిడి నడకతో పోల్చదగింది కాదు. ఈ యేటి సెలక్షన్ పోతుంది. అది చిన్న నష్టమని నేననను, ఉద్యోగం ఆశ వున్న ఇంట్లో అలా అనే హక్కు నాకు లేదు. కాని ఈ యేడు ఆడి, పాతికేళ్ళకు ఆ తాడు తెగితే, రెండో ఆపరేషన్ మొదటిదానంత సులువు కాదు. ఎముకలో వెడల్పైన సొరంగాల్ని ముందు ఎముక ముక్కలతో పూడ్చి, నెలల తరబడి ఆగి, అప్పుడు కొత్తది వెయ్యవలసిరావచ్చు. సెలక్షన్ వచ్చే యేడూ వుంటుంది.

సొంత స్నాయువు ఎక్కడినుంచి తియ్యాలన్నది సర్జనుతో మాట్లాడండి. మోకాలి చిప్ప కింది స్నాయువు గట్టిది, అయితే మోకరిల్లితే నొప్పి మిగలొచ్చు. నమాజు చేసేవారు, నేల మీద పనిచేసుకునేవారు ఇది ముందే చెప్పాలి. తొడ వెనక లోపలివైపు సన్నని స్నాయువులు తీస్తే ఆ బాధ తక్కువ, మడత బలం కొంత తగ్గుతుంది. సొంత స్నాయువైనా తెగదన్న హామీ లేదు. పదేళ్ళు గడిచాక చూస్తే తెగినవి నూటికి పది లోపేనని చాలా లెక్కలు చెబుతాయి, చిన్న వయసు ఆటగాళ్ళలో అంతకంటే ఎక్కువ. అందుకే తొమ్మిది నెలల లోపు ఆటలో దించవద్దు. సర్జను వద్దన్నా కోచ్ రమ్మంటాడు, జాగ్రత్త! ఆపరేషన్ తొందర కూడా లేదు. ముందు వాపు తగ్గాలి, కాలు పూర్తిగా చాచగలగాలి, తొడకండ బలం పుంజుకోవాలి.

ఆటలు ఆడని వారికి ఇంకొక మాట. స్కూటర్ మీదనుంచి పడి ఎ.సి.ఎల్. తెగిందనగానే కత్తి కిందికి పరుగెత్తనక్కర్లేదు. స్వీడన్‌లో 121 మంది పడుచువాళ్ళను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు వెంటనే ఆపరేషన్, రెండో జట్టుకు ముందు వ్యాయామ చికిత్స, అవసరమైతేనే ఆపరేషన్ అన్నారు. 2010లో వచ్చిన రెండేళ్ళ ఫలితాల్లో రెండు జట్లకూ పెద్ద తేడా లేదు. అయిదేళ్ళ తరువాత చూసినా రెండో జట్టులో దాదాపు సగం మందికి ఆపరేషన్ అవసరమే రాలేదు.

కృత్రిమ లిగమెంట్ ఇప్పటికే ఒంట్లో వున్నవారు ఇది చదివి బెంగపడవద్దు. బాధ లేకపోతే దాన్ని తీయించవలసిన పని లేదు. ఏళ్ళ తరబడి బాగున్న మోకాలు దెబ్బ తగలకుండానే వాచినా, పదే పదే నీరు పట్టినా, మళ్ళీ జారడం మొదలైనా ఎముకల డాక్టరుకు చూపించండి. వాపుతో పాటు జ్వరం, మోకాలు కాలిపోతున్నట్టు వేడి వుంటే ఆ రోజే వెళ్ళండి, అది చీము పట్టడం కావచ్చు. వెళ్ళేటప్పుడు పాత ఆపరేషన్ కాగితాలు తీసుకెళ్ళండి. డిశ్చార్జి చీటీ ఒక్కటే చాలదు, ఆపరేషన్‌లో ఏం చేశారో రాసిన కాగితం అడిగి తీసుకుని దాచుకోండి. 1995లో బావగారిని చూసిన సర్జను వేరే వూరాయన, మొదటి ఆస్పత్రిలో రికార్డు దొరకలేదు. అక్కయ్య బీరువాలో పట్టుచీరల అడుగునుంచి తొమ్మిదేళ్ళ నాటి కాగితం తీసి ఇచ్చింది. పట్టీ ఏ పదార్థమో, ఎముకలో సొరంగం ఎన్ని మిల్లీమీటర్లో, ఎముకకు దేనితో బిగించారో అందులో వుంది. సర్జనుగారు అది చదివి, దాన్ని వూడదీసే పనిముట్టు ఆపరేషన్‌కు వారం ముందే తెప్పించి పెట్టుకున్నారు.